సింకు కింది పంపు

కామాఠిపుర, ఏడో గల్లీ, ముంబై
జనవరి 9

చెల్లె రత్నకు,

మీరు బండెక్కి వెళ్ళి నాలుగు రోజులైంది. ఇక్కడ నా మోకాళ్ళు, నా చెవులు, మన చాల్ ఇళ్ళ మెట్లు ఎప్పటిలాగే ఉన్నాయి. అంటే మూడూ అరిగాయి, మూడూ ఎలాగో పని చేస్తున్నాయి. ఫోనులో నువ్వు చెప్పేది నాకు సగమే వినబడుతుంది, ఆ సగం కూడా నీకు కోపం వచ్చిన సగం. అందుకని మేఘా రాసిచ్చిపోయిన చిరునామాకు ఈ ఉత్తరం. భజియాలు కట్టిచ్చిన తెలుగు పేపరు ముక్కలు పోగుచేసి నేను చదువు నేర్చుకున్నాను, అవే ముక్కలు నీ ముందు పెట్టి అక్షరాలు దిద్దించాను. ఇవి గిన్నెలు తోమడానికి పనికొస్తాయా అని అడిగావు అప్పుడు. ఇప్పుడు చూడు, నీ కూతురికి మరాఠీ తప్ప చదవడం రాదు, మనం ఏం రాసుకున్నా మన ఇద్దరి మధ్యే ఉంటుంది.

బండి వచ్చిన రోజు గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. ఎవరో షోకుగా చేయించుకుని విసిగి అమ్మేసిన టెంపో, దాని కడుపులో మంచం, పొయ్యి, సింకు. "నా కంప్యూటర్ పని యాడ కూసున్నా అయితది మామా, అమ్మను తిప్పుకొస్త" అంది మేఘా. అందరూ మంచం నొక్కి చూశారు. నువ్వు మాత్రం సింకు దగ్గరికి వెళ్ళి నల్లా తిప్పావు. చుక్క రాలేదు. నలభై ఏళ్ళు పరాయి ఇళ్ళ సింకుల్లో చేతులు నాననిచ్చిన దానివి. నీదంటూ ఒక నల్లా దొరికి అది ఎండిపోయి ఉంటే నీ ముఖం ఎలా అయిందో నేను చూశాను.

పంపు కాలిపోయింది. సింకు కింద ఉంటుంది అది, రెండు పిడికిళ్ళంత. ట్యాంకులో నీళ్ళు లాగి నల్లాకు తోస్తుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. మీరు ధారావికి వెళ్ళి కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టారు. మేఘా సరుకులకు వెళ్ళింది, నేను చాయ్ తెమ్మంటే నువ్వు హోటలుకు వెళ్ళావు. ఎలా బిగించానో నీకు తెలియాలి కదా, రాస్తాను. ముందు బ్యాటరీ ఎర్ర తీగ విప్పాను. ట్యాంకు ఖాళీ చేశాను. రెండు పైపుల క్లిప్పులు వదులు చేసి, ఏది లోపలికి, ఏది బయటికి అని సుద్దముక్కతో గుర్తు పెట్టాను. ముందున్న వడకట్టే జాలీలో ఇసుక పేరుకుంటే కడిగాను. పాతది ఊడదీసి, రబ్బరు కాళ్ళ మీద మరొకటి కూర్చోబెట్టి, నాలుగు స్క్రూలు బిగించి, తీగలు కలిపాను. నల్లా విప్పితే ముందు కాస్త గాలి దగ్గింది, తరవాత నీళ్ళు వచ్చాయి. నువ్వు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయావు.

మన ముత్తాతలు పాలమూరు వైపు నుంచి నడిచొచ్చి ఈ ఊళ్ళో రాళ్ళు మోశారు, గోడలు లేపారు. ఆ గోడల్లోని పైపులు బాగుచేయడం నా వంతుకు వచ్చింది. గోడలు లేపిన వాళ్ళ ఖోలీ గదుల్లో మాత్రం ఇప్పటికీ నల్లా లేదు, కింద ఒక్కటే, అదీ తెల్లవారుజామున వచ్చి పోతుంది. ఎక్కడికో వెళ్ళిపోయాను. పంపు. పంపు బాగుంది. ఎంతో బాగుంది. దాని గురించి నువ్వు ఇక ఆలోచించనవసరం లేదు.

మీ అన్న
తుకారాం

*

త్ర్యంబక్ దారి
జనవరి 18

అన్నకు,

నీ ఉత్తరంలో సగం పంపే ఉంది. అంత పొగిడితే దానికి దిష్టి తగులుతుంది.

నేను బాగున్నాను. పొద్దున లేవగానే నల్లా విప్పుతాను. వరస లేదు, బకెట్ల చప్పుడు లేదు, నా వెనక ఎవరూ గొణగడం లేదు. కడగడానికి గిన్నె లేకపోతే కడిగిన గిన్నె తీసి మళ్ళీ కడుగుతాను. మేఘా లాప్‌టాప్ ముందు కూచుని నవ్వుతుంది. ఇక్కడ కొండలు బాగున్నాయి గానీ, నిజం చెప్పాలంటే నేను వాటిని సింకు పైన కిటికీలోంచే చూస్తున్నాను.

ఒక్క మాట అడగాలి. నీళ్ళు వాసన వస్తున్నాయి. దోమల మందు కొట్టిన గదిలో వాసనలాగా ఉంది. రెండు రోజులు చాయ్ పారబోశాను. విప్పగానే కొంచెం నురగ కూడా వస్తుంది. మేఘా ఆ నీళ్ళు ముట్టకుండా బాటిల్ నీళ్ళు తాగుతోంది, నన్నూ తాగమంటోంది. నా బండిలో నా నల్లా ఉండగా బాటిల్ ఎందుకు తాగాలి. నువ్వు పరవాలేదంటే పరవాలేదు, తాగుతాను. ఇక్కడ ఇంకో పది రోజులు ఉంటాం, వెంటనే రాయి.

రత్న

*

కామాఠిపుర
జనవరి 22

చెల్లె రత్నకు,

పరవాలేదు. కొత్త చెప్పులు వాసన రావా? కొత్త గొడుగు రాదా? పంపు లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది, కొత్తలో దాని వాసన నీళ్ళకు అంటుతుంది. ట్యాంకు రెండుసార్లు నింపి వదిలేయండి, పోతుంది. నురగ కూడా అంతే. తాగు.

వాసన అంటే గుర్తొచ్చింది. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక హోటలు యజమాని ఉండేవాడు. నీళ్ళు వాసనని నాలుగుసార్లు నన్ను పిలిపించాడు. పైపు మార్చాను, ట్యాంకు కడిగాను, నల్లా మార్చాను. చివరికి తేలిందేమిటంటే వాసన ఆయన మీసాలది, కొత్తగా ఏదో నూనె రాయడం మొదలుపెట్టాడు. గ్లాసు ఎత్తినప్పుడల్లా ముక్కుకు కొట్టేది. అందుకని వాసనల గురించి తొందరపడకూడదు.

పైన మూడో మాళా గంగవ్వకు మోకాళ్ళు కొంచెం నయం. నీళ్ళు మోసే బాధ తప్పింది, అందువల్ల కావచ్చు. నువ్వు అడగలేదు, ఊరికే రాశాను.

మీ అన్న
తుకారాం

*

దిండోరి దగ్గర, ద్రాక్షతోట
ఫిబ్రవరి 6

అన్నకు,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. మూడు రోజులు నేను ఇక్కడి చిన్న దవాఖానాలో ఉన్నాను. ఇప్పుడు బాగయింది, కంగారుపడకు. ముందు నోరు మండింది, వయసు అనుకున్నాను. తరవాత వాంతులు, కళ్ళల్లో నీళ్ళు, కాళ్ళు వణకడం. డాక్టరు పురుగుమందు ఏమైనా ముట్టుకున్నావా అమ్మా అని అడిగింది. నేను గిన్నెలు తప్ప ఏమీ ముట్టుకోలేదన్నాను.

సంగతి బయటపెట్టింది ఈ తోట ఆసామి. బండి ఆయన తోట పక్కనే ఆపుకున్నాం. మేఘాను చూడటానికి వచ్చి, చేయి కడుక్కోబోయి, నీళ్ళు అరచేతిలో పట్టి వాసన చూసి ఆగిపోయాడు. ఈ వాసన మా చేతులకు రోజూ ఉండేదే అన్నాడు. సింకు కింద తలుపు తీసి బ్యాటరీ లైటు వేసి చూశాడు. ఇది వీపున కట్టుకుని మందు కొట్టే స్ప్రేయర్‌లోని పంపు అన్నాడు. పైకి రెండూ ఒకేలా ఉంటాయట, ఎవరైనా మోసపోతారట. ఇన్నేళ్ళు ఏ తోటలోనో మందు తాగిన పంపు అది.

అన్నా, నీ మీద నాకు ఇసుమంత కోపం లేదు. డబ్బా తెచ్చి నీకిచ్చింది మేం. దాని మీద సీలు ఉంది. పాతదాన్ని తుడిచి, మెరుగుపెట్టి, కొత్త డబ్బాలో పెట్టి ఇస్తే చూపు తగ్గిన మనిషి ఎలా కనిపెడతాడు. మేఘా ఒకసారి "మామనే మార్చిండేమో" అంది. ఆ మాటకు దాంతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇది ఆ షాపులోనే జరిగింది. అక్కడ ప్యాకింగ్ చేసే అమ్మాయి ఉంది, స్వప్న అని, మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. మొగుడు కట్టడం పనిలో నడుము విరగ్గొట్టుకుని ఇంట్లో ఉన్నాడట. మన మాట మాట్లాడిందని నేను ఎంత మురిసిపోయానో. పంపు బకెట్లో పెట్టి నడిపి చూపింది. తరవాత లోపలికి తీసుకెళ్ళి డబ్బాలో పెట్టి సీలు వేసి తెచ్చింది. మార్చితే అప్పుడే మార్చాలి. కొత్త పంపు కింద ఒక నంబరు అంటించి ఉంటుందట, మా గ్యారంటీ కార్డు మీద అదే నంబరు ఉంది. బండిలో ఉన్నదానికి నంబరే లేదు. మేఘా ఫొటోలు పంపింది. షాపు సేటు ఫోను చేసి నన్నే అడిగాడు, మధ్యలో ఇంకెవరి చేయైనా పడిందా అని. మా అన్న చేయి పడింది అన్నాను. యాభై ఏళ్ళుగా ఆ చేతి మీద ఒక్క మాట పడలేదు, మీ షాపులోనే వెతుక్కోండి అన్నాను.

నల్లా కట్టేశాం. బకెట్ నీళ్ళు వాడుతున్నాం.

రత్న

*

కామాఠిపుర
ఫిబ్రవరి 11

చెల్లె రత్నకు,

నీ ఉత్తరం మెట్ల మీదే విప్పాను, మెట్ల మీదే కూచుండిపోయాను. పైకి వెళ్ళేవాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళారు. ఎవరైనా ఏమైందని అడుగుతారేమోనని భయపడ్డాను, ఎవరూ అడగలేదు.

తాగమని రాసింది నేనే. అది నాదే తప్పు. చెప్పుల వాసన, గొడుగు వాసన అని కబుర్లు రాశాను. నువ్వు నమ్మి తాగావు. మూడు రోజులు దవాఖానాలో ఉన్నావంటే నేను ఇక్కడ ఏ రోజు ఏం చేస్తున్నానో లెక్క వేసుకున్నాను. ఒక రోజు గల్లీ చివర క్యారంబోర్డు ఆడాను.

ఆ పంపు తీసి పారేయండి. ట్యాంకు, పైపులు కూడా మార్పించండి, కడిగితే పోదు. షాపు సంగతి మాత్రం ఇక వదిలేయండి. ప్యాకింగ్‌లో పొరపాట్లు జరుగుతాయి. ఆ అమ్మాయికి కూడా తెలియకపోవచ్చు. డబ్బాలు వందల్లో వస్తాయి, పోతాయి, ఏది ఎక్కడ మారిందో ఎవరు చెప్పగలరు. పోట్లాడితే నీ ఆరోగ్యమే పాడవుతుంది.

ఇంకేదో రాయాలనుకున్నాను. పోస్టు టైమైంది.

తుకారాం

*

దిండోరి
ఫిబ్రవరి 16

అన్నకు,

వదిలేయడానికి మన చేతుల్లో లేదు. సేటు స్వప్నను పనిలోంచి తీసేశాడు. కొత్తవి బయట అమ్ముకుని పాతవి డబ్బాల్లో పెడుతోందని అందరి ముందూ అన్నాడట. ఇది చెప్పింది స్వప్నే. నా నంబరు బిల్లు మీద ఉంటే చూసి ఫోను చేసింది. తిట్టలేదు. "అక్కా, బకెట్ల పెట్టి నీ కండ్ల ముందల్నే నడిపిన గద, నువ్వన్న జెప్పరాదు" అంది. నేను ఫోను పెట్టేశాను. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. ఒంట్లో బాగానే ఉంది, ఇది వేరే.

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. ఒక వాషరు వెంట్రుకంత మందం తక్కువుందని దాదర్ దాకా నడిచి వెళ్ళి షాపువాడితో తగువు పెట్టుకున్న మనిషివి నువ్వు. నీ చెల్లెలి కడుపులోకి పురుగుమందు పోతే వదిలేయమంటావేమిటి. ముసలితనం వచ్చిందా.

ఒక పని చెయ్యి. ధారావికి వెళ్ళు. స్వప్నను చూడు, మాట్లాడు. మనిషి అబద్ధం చెబితే నీకు ఇట్టే తెలుస్తుందని నువ్వే అంటావు కదా. దొంగ అయితే సరే, చేసింది అనుభవిస్తుంది. కాకపోతే నేను సేటుకు చెబుతాను. నీ మాట మీదే నడుస్తాను.

రత్న

*

కామాఠిపుర
ఫిబ్రవరి 23

చెల్లె రత్నకు,

ధారావికి వెళ్ళాను. షాపులో వేరే అమ్మాయి సీలు వేస్తోంది. స్వప్న ఎక్కడ దొరుకుతుందని అడిగితే పొద్దున నాకాలో చూడండి అన్నారు. మరుసటి పొద్దున మళ్ళీ వెళ్ళాను. కూలీలు నిలబడే ఆ చౌరస్తాలో ఆడవాళ్ళు ఒక పక్కగా ఉన్నారు. తెలుగు మాట వినబడినచోట ఆగి అడిగాను. ఒక అమ్మాయి తలగుడ్డ చుట్టుకుంటూ ముందుకు వచ్చింది. నన్ను ఎప్పుడూ చూడలేదు కదా, పనికి పిలవడానికి వచ్చాననుకుంది. "పనికా తాతా? ఎంతమందిమి రావాలె?" అని అడిగింది. చేతులు చూశాను. ప్యాకింగ్ చేసిన చేతులు, సిమెంటు తట్ట పట్టి నాలుగు రోజులు కూడా అయి ఉండదు, వేళ్ళన్నీ పగిలాయి. ఏం లేదు బిడ్డా అన్నాను. తిరిగి వచ్చేశాను.

అబద్ధం ఆడిన మనిషిని గుర్తుపట్టమన్నావు. గుర్తుపట్టాను. పంపు మార్చింది నేను.

ఇక్కడ ఆపి రెండుసార్లు చాయ్ తాగాను. ఇప్పుడు రాస్తాను.

మీరు బయలుదేరే వారం గంగవ్వ నీళ్ళ డబ్బాతో మెట్ల మీద కూలబడింది. మూడో మాళాకు నీళ్ళు ఎక్కవు, నీకు తెలుసు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తనవాళ్ళెవరూ లేరు. ఆవిడకు ఒక చిన్న పంపు పెడదామని పాత సామాన్ల వీధిలో వెతికి ఒకటి తెచ్చాను. నీళ్ళు శుభ్రం చేసే మిషను లోనిది అని చెప్పాడు అమ్మినవాడు. నేనూ నమ్మాను. నడిపి చూస్తే మొదటి మాళా దాకా తోసి ఆయాసపడింది. అదే రోజు మీ కొత్త పంపు నా చేతికొచ్చింది. ఎంత బలం దానికి. నా బుర్రలో పనివాడి లెక్క మొదలైంది. బండిలో ట్యాంకుకూ నల్లాకూ మధ్య మూరెడు దూరం, దానికి బలహీనమైనది చాలు. మూడు మాళాలు ఎక్కాలంటే బలమైనది కావాలి. ఎక్కడ ఎంత అవసరమో అక్కడ అంత. జీవితమంతా అలాగే చేశాను, ఒక ఇంట్లో మిగిలిన ముక్క ఇంకో ఇంట్లో అతికించి ఇద్దరి చేతా మెప్పు పొందాను. కానీ ఆ ముక్కలు ఎవరూ వద్దన్నవి. ఇది నీది.

నిన్ను చాయ్‌కు పంపింది అందుకే. అడిగితే ఒప్పుకోవనుకున్నాను. కింద నల్లా దగ్గర నీ బకెట్ వరసలోంచి తీసి గంగవ్వ మురికి కాలవలో బోర్లించిన రోజునుంచి, ముప్పై ఏళ్ళకు పైగా, మీరిద్దరూ ఎదురుపడితే ఒకరు గోడ వైపు తిరిగేవాళ్ళు. అందుకని అడగకుండా ఇచ్చేశాను. నా వల్ల ఇద్దరు ఆడవాళ్ళకు నీళ్ళొచ్చాయని ఆ రాత్రి నిండుగా నిద్రపోయాను. ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గు ఆ నిద్ర గురించే.

మందు కొట్టిన పంపని నాకు తెలియదు. తెలిస్తే పెట్టేవాణ్ణి కాదు, ఇది నమ్ము. కానీ నువ్వు వాసన అని రాసినప్పుడు అది కొత్త రబ్బరు కాదని నాకు తెలుసు. తెలిసే తాగమన్నాను, మార్చిన సంగతి బయటపడుతుందని.

దవాఖానా ఉత్తరం వచ్చిన రోజే ఇదంతా రాయవలసింది. నువ్వు నన్ను అప్పటికే క్షమించేశావు, చూపు తగ్గిన ముసలివాడని. ఆ క్షమాపణ నాది కాదు. అయినా నాకు సరిగ్గా సరిపోయింది, తొడుక్కుని కూచున్నాను. అది తొడుక్కుని నేను కూచున్న రోజుల్లోనే ఆ అమ్మాయి నాకాకు వచ్చింది.

ఏం చెయ్యమంటావో రాయి.

తుకారాం

*

దిండోరి
ఫిబ్రవరి 28

తుకారాంకు,

నేను రాస్తే గానీ నీకు తెలియదా. సేటు దగ్గరికి వెళ్ళు. స్వప్నను తీసుకుని వెళ్ళు, ఆమె ముందు చెప్పు. గంగవ్వకు కూడా చెప్పు. అది అయ్యాక రాయి. కాకముందు రాయకు. నీ చేతిరాత చూస్తే నోట్లో ఆ వాసన వస్తోంది.

నీ ఉత్తరం మేఘాకు చదివి వినిపించాను. నేను అప్పుడే అన్నాను కదా అని కూడా అది అనలేదు. అని ఉంటే బాగుండేది.

రత్న

*

కామాఠిపుర
మార్చి 9

చెల్లె రత్నకు,

అయింది. అందుకని రాస్తున్నాను. ఈసారి కబుర్లు లేవు.

ముందు గంగవ్వ. పంపు లేకుండా సేటు నా మాట నమ్మడు, నంబరు చూపించాలి. అందుకని ముందు మూడో మాళాకు వెళ్ళాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. అంతా చెప్పాను. చేటలోంచి తల ఎత్తకుండా విన్నది. దవాఖానా దాకా వచ్చేసరికి చేట కింద పెట్టింది. "రత్నకు ఇప్పుడెట్లుంది?" అని అడిగింది. బాగయిందన్నాను. అప్పుడు నన్ను చూసి, "నన్ను అడిగి తెస్తివా తుకారాం? ఇంకొకరి నీళ్ళు నాతోని తాగిపిస్తివి" అంది. స్క్రూలు విప్పుతుంటే బ్యాటరీ లైటు ఆవిడే పట్టుకుంది. పైపుల్లో మిగిలిన నీళ్ళు గిన్నెలో పట్టి, అవి కూడా తీసుకుపొమ్మంది. తీసుకుపోయాను. ఆ గిన్నె పట్టుకుని మెట్లు దిగడం నేను చేసిన పనుల్లో బరువైనది.

నాకాలో స్వప్న రెండో రోజు దొరికింది. ఇద్దరు ఆడవాళ్ళు వినేంత దగ్గర్లో నిలబడి చెప్పాను. పక్కకు రమ్మనలేదు, పక్కకు పిలవడం మళ్ళీ దాచడమే అనిపించింది. ఆ అమ్మాయి విని నా వెనక నడిచింది. షాపులో సేటు ముందు పంపు బోర్లించి పెట్టాను. సేటు రిజిస్టరు తెరిచి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాడు. సరిపోయింది. నన్ను చాలా మాటలన్నాడు. చెవుడు ఉన్నా అన్నీ వినబడ్డాయి. స్వప్న వైపు తిరిగి, పొరపాటైంది, సోమవారం నుంచి రా అన్నాడు, గ్లాసు కింద పడితే అన్నంత తేలిగ్గా. అందరి ముందూ దొంగ అన్నావు, అందరినీ పిలిచి చెప్పు అన్నాను నేను. ముందు వినిపించుకోలేదు. నేను తలుపులో అడ్డంగా కూచున్నాను. కొనేవాళ్ళు లోపలికి రాలేకపోతుంటే చివరికి గోడౌనులోంచి అందరినీ పిలిచి చెప్పాడు. మంచివాణ్ణయ్యానని ఇది రాయడం లేదు. వాడి దగ్గర అడిగినంత గట్టిగా నన్ను నేను మూడు వారాలు అడగలేదు.

బయటికి వచ్చాక స్వప్నకు దండం పెట్టబోయాను. చేయి అడ్డం పెట్టింది.

"సేటు నన్ను దొంగ అన్నడు. నువ్వైతె అన్లేదు తాతా. అనంగ ఇనుకుంట కూసున్నవు," అంది.

వెళ్ళిపోయింది. సోమవారం పనిలోకి వచ్చిందని అడిగి తెలుసుకున్నాను. మొగుడి మందులు రెండు వారాలు ఆగిపోయాయని కూడా అక్కడే తెలిసింది.

పంపు నా దగ్గర ఉంది, గుడ్డలో చుట్టి పెట్టాను. గంగవ్వకు నీళ్ళు నేను మోస్తున్నాను, డబ్బాలో సగం సగం, మధ్యలో రెండుచోట్ల కూచుని. వద్దని తలుపు వేసుకుంటుంది. గడప దగ్గర పెట్టి వచ్చేస్తాను. సాయంత్రానికి డబ్బా ఖాళీగా బయట ఉంటుంది.

తుకారాం

*

భండారదర
మార్చి 16

తుకారాంకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్వప్నకు ఫోను చేశాను, నేనూ క్షమాపణ చెప్పాలి కదా. నా నోటితోనే కదా నీ చేతికి సాక్ష్యం చెప్పింది. సరే అక్కా అని పెట్టేసింది.

గంగవ్వకు పంపు కావాలని నన్ను అడిగి ఉంటే ఏం జరిగేదో చెప్పనా. తిట్టేదాన్ని. రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. మూడో రోజు తీసుకో అనేదాన్ని. ఆ మూడు రోజులు నువ్వు ఓపిక పట్టలేదు. నన్ను మోసం చేసినదానికంటే, నేను ఇవ్వననే నిశ్చయించుకున్నావు చూడు, అది నాకు ఎక్కువ తగిలింది. వాంతులు మూడు రోజుల్లో తగ్గాయి. ఇది తగ్గడం లేదు.

మేఘా ట్యాంకు, పైపులు అన్నీ మార్పించింది. ఈ నెల ఇరవై నాలుగో తేదీ పొద్దున బండి గల్లీ మొదట్లో ఆగుతుంది. నువ్వే వచ్చి పంపు బిగించు. ఇంకెవరైనా బిగించవచ్చు, మేఘా అదే అంటోంది, నేనే వద్దన్నాను. నేను పక్కనే కూచుంటాను, ఎక్కడికీ కదలను. తరవాత ఇద్దరం ధారావికి వెళ్ళి గంగవ్వకు ఇంకొకటి కొందాం, స్వప్న చేతిమీదుగా. ఆ అమ్మాయి మన ముఖం చూడనంటే నువ్వు రోడ్డు మీద నిలబడు, నేను లోపలికి వెళతాను. గంగవ్వ ఖోలీలో బిగించేటప్పుడు కూడా నేను వస్తాను. మాట్లాడతానో లేదో తెలియదు.

ఒక షరతు. బండిలో నల్లా విప్పాక మొదటి గ్లాసు నువ్వు తాగాలి. నా ముందు, ఆగకుండా.

రత్న

*

కామాఠిపుర
మార్చి 19

చెల్లె రత్నకు,

గ్లాసు చాలదు. చెంబు తెస్తాను.

తుకారాం